టొరంటో మార్ల్‌బరోస్: ఏడు మెమోరియల్ కప్పులు గెలిచిన జూనియర్ జట్టు ఎటు పోయింది?

మీరు అడిగినవి మూడు. మిసిసాగాలో మీ అబ్బాయి జట్టు మొన్ననే మార్ల్‌బరోస్‌తో ఆడింది కదా, మరి ఆ జట్టు 1989లోనే పోయిందని రింక్ దగ్గర ఒకాయన ఎలా అన్నాడు? అన్ని కప్పులు గెలిచిన జట్టును ఎందుకు వదిలేసుకున్నారు? గరాజ్ సేల్‌లో దొరికిన "మార్ల్‌బరోస్" ప్రోగ్రాం పుస్తకం ఏ కాలానిది?

ముందు సూటిగా చెప్తాను. మీ అబ్బాయి ఆడిన మార్ల్‌బరోస్ నిజమే, ఆ పెద్దాయన చెప్పిందీ నిజమే. 16 నుంచి 20 ఏళ్ళ కుర్రాళ్ళు ఆడే మేజర్ జూనియర్ ఐస్ హాకీ జట్టు 1988-89 సీజన్‌తో ఆగిపోయింది. ఆడే హక్కు, అంటే ఫ్రాంచైజ్, హామిల్టన్‌కి వెళ్ళి 1991లో గ్వెల్ఫ్ చేరింది. పేరు మాత్రం టొరంటోలోనే పిల్లల హాకీ సంస్థ దగ్గర ఉండిపోయింది. పొలం అమ్మినవాడు ఇంటిపేరు కూడా రిజిస్ట్రేషన్ చేసి ఇవ్వడు కదా, అలాగన్నమాట. జట్టు ఓడిపోయి మూతపడలేదు. దాన్ని పెంచిన ఆసామికి, అంటే టొరంటో మేపుల్ లీఫ్స్ అనే పెద్ద ప్రొఫెషనల్ క్లబ్బుకి, దానితో పని తీరిపోయింది, అందుకే పోయింది.

ఇప్పుడు "మార్ల్‌బరోస్" అనే మాట విన్నప్పుడల్లా ఐదింటిలో ఏదో చూసుకోవాలి. ఒకటి, 1904 నాటి పాత జూనియర్ జట్టు. రెండు, అదే క్లబ్బు నడిపిన సీనియర్ జట్టు. ఇది 1950లో అలెన్ కప్ గెలిచింది, అది పెద్దవాళ్ళ అమెచ్యూర్ కప్పు. మూడు, ఇప్పటి జీటీహెచ్‌ఎల్ (గ్రేటర్ టొరంటో హాకీ లీగ్) పిల్లల జట్లు, మీరు చూసినవి ఇవే. నాలుగు, గ్వెల్ఫ్ స్టార్మ్, అంటే పాత ఫ్రాంచైజ్ చేరిన చోటు. ఐదు, టొరంటో మార్లీస్. మార్లీస్‌కీ పాత జట్టుకీ ఫ్రాంచైజ్ వరస ఏమీ లేదు. మేపుల్ లీఫ్స్ వాళ్ళు 2005లో న్యూఫౌండ్‌ల్యాండ్‌లోని తమ రెండో స్థాయి ప్రొఫెషనల్ జట్టును టొరంటోకి తెచ్చుకుని, పాత జట్టు ముద్దుపేరును దానికి పెట్టారు. అంతే. అక్కడ ఆడేవాళ్ళు జీతాలు తీసుకునే పెద్దవాళ్ళు.

పేరు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, అందరికీ సిగరెట్టే గుర్తొస్తుంది కాబట్టి. ఇంగ్లండ్‌లోని డ్యూక్ ఆఫ్ మార్ల్‌బరో పేరు మీద పెట్టుకున్న అథ్లెటిక్ క్లబ్బు అది. అందుకే జట్టుకి "డ్యూక్స్" అని ఇంకో పిలుపు. ఈ పిలుపు గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఏడు కప్పులు

మెమోరియల్ కప్ 1919లో మొదలైంది, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కెనడా సైనికుల జ్ఞాపకంగా. కెనడా జూనియర్ హాకీలో అంతకు మించిన కప్పు లేదు. మార్ల్‌బరోస్ దాన్ని 1929, 1955, 1956, 1964, 1967, 1973, 1975లో గెలిచింది. ఏడుసార్లు గెలిచిన జట్టు ఇంతవరకూ ఇంకొకటి లేదు. ఆ తర్వాత ఐదు కప్పులతో ఆషావా జనరల్స్ ఉంది.

సంవత్సరాలు చూస్తే మధ్యలో పెద్ద ఖాళీ కనిపిస్తుంది, 1929 నుంచి 1955 దాకా. ఆ కాలంలో లీఫ్స్ కింద పెరిగిన కుర్రాళ్ళు లేక కాదు. టొరంటోలో వాళ్ళకి రెండు దారులుండేవి, మార్ల్‌బరోస్ ఒకటి, సెయింట్ మైకేల్స్ కాలేజ్ స్కూల్ ఇంకొకటి. కేథలిక్ ఇళ్ళ పిల్లలు ఎక్కువగా స్కూలు జట్టుకి, మిగతావాళ్ళు మార్ల్‌బరోస్‌కి వెళ్ళేవారు. ఆ ఖాళీలో సెయింట్ మైకేల్స్ 1934, 1945, 1947లో కప్పు గెలిచింది. 1961లో ఇంకొకటి. ఇవి మార్ల్‌బరోస్ లెక్కలో కలపకూడదు. చాలామంది కలిపేస్తారు, రెంటి వెనకా లీఫ్సే ఉంది కాబట్టి.

1929 జట్టులో చార్లీ కొనాకర్, బషర్ జాక్సన్ ఉన్నారు. జో ప్రైమో అంతకు ముందే మార్ల్‌బరోస్‌లో ఆడి వెళ్ళాడు. ఈ ముగ్గురూ కలిసి లీఫ్స్‌లో "కిడ్ లైన్" అయ్యారు, 1932లో స్టాన్లీ కప్ తెచ్చారు, ప్రొఫెషనల్ హాకీలో అదే పెద్ద కప్పు. ఆట మానేశాక ప్రైమో సెయింట్ మైకేల్స్ కోచ్‌గా మెమోరియల్ కప్, మార్ల్‌బరోస్ సీనియర్ జట్టు కోచ్‌గా అలెన్ కప్, లీఫ్స్ కోచ్‌గా 1951లో స్టాన్లీ కప్ గెలిచాడు. ఈ మూడు కప్పులూ గెలిచిన కోచ్ ఆయనొక్కడే.

1955, 1956 రెండేళ్ళూ రెజీనా పాట్స్ మీదే గెలిచింది, కోచ్ లీఫ్స్ మాజీ గోలీ టర్క్ బ్రోడా. బాబ్ పల్ఫర్డ్, బాబీ బాన్, కార్ల్ బ్రూవర్ లాంటివాళ్ళు ఆ జట్లలోంచే వచ్చారు. 1960లలో లీఫ్స్ గెలిచిన స్టాన్లీ కప్పులకి పునాది అక్కడే పడింది.

అంత బలం ఎక్కడిది?

అసలు విషయం ఇదే. ఇది అర్థమైతే జట్టు ఎందుకు పోయిందో విడిగా చెప్పక్కర్లేదు.

1967కి ముందు ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్బులు, అంటే లీఫ్స్ ఆడే పెద్ద ప్రొఫెషనల్ లీగ్‌లోని క్లబ్బులు, జూనియర్ జట్లను నేరుగా పోషించేవి. ఒక్కో క్లబ్బు సాధారణంగా రెండు జూనియర్ జట్లకి స్పాన్సర్. దానికి తోడు సొంత ఊరి నుంచి 50 మైళ్ళ దాకా ఉన్న కుర్రాళ్ళ మీద ఆ క్లబ్బుకే హక్కు. టొరంటో చుట్టూ 50 మైళ్ళు గీత గీసి చూడండి, కెనడాలో హాకీ ఆడే పిల్లలు అంత దట్టంగా ఉన్న చోటు ఇంకొకటి దొరకదు. న్యూయార్క్, షికాగో క్లబ్బులకి అదే గీతలో ఏమీ రాదు.

ఆపైన సి-ఫారం. కుర్రాడు దానిమీద సంతకం పెడితే ప్రొఫెషనల్ హక్కులన్నీ ఆ క్లబ్బువే. 18 నిండకపోతే తల్లో తండ్రో సంతకం పెట్టాలి. కొద్దిపాటి డబ్బు చేతిలో పడేది, కుర్రాడు ఇక ఆ క్లబ్బు సొత్తు. బాబీ ఓర్‌ను బోస్టన్ వాళ్ళు 14 ఏళ్ళకే ఇలా కట్టేసుకుని ఆషావాలో ఆడించారు.

అంటే మార్ల్‌బరోస్ టికెట్లమ్మి బతికే జట్టు కాదు. లీఫ్స్‌కి అది నారుమడి. నారుమడి లాభనష్టాలు ఎవరూ విడిగా లెక్కేసుకోరు, పైరు బాగుంటే చాలు. లీఫ్స్ సొంత రింక్ మేపుల్ లీఫ్ గార్డెన్స్‌లో ఆదివారం మధ్యాహ్నం ఆటకి ఎంతమంది వచ్చారన్నది పెద్ద లెక్క కాదు. ఎందరు పైకి వెళ్ళారన్నదే లెక్క.

1961లో ఇంకో ముడి పడింది. మార్ల్‌బరోస్ అంటారియో పాత లీగ్‌ను వదిలి, టొరంటో చుట్టుపక్కల జట్లతో మెట్రో జూనియర్ ఎ అనే కొత్త లీగ్‌లో ఆడింది. రెండే సీజన్లు, 1961-62, 1962-63. చదువు దెబ్బతింటోందని ఆటలు తగ్గించుకోవాలనుకున్న సెయింట్ మైకేల్స్ మొదటి ఏడాది ఆడి తప్పుకుంది. దాని ఆటగాళ్ళు నీల్ మెక్‌నీల్ అనే ఇంకో కేథలిక్ స్కూల్ జట్టుకి మారారు. 1963లో లీగ్ మూతపడగానే నీల్ మెక్‌నీల్ ఆటగాళ్ళు మార్ల్‌బరోస్‌లో కలిశారు. రెండు మళ్ళ నారు ఒకే మడిలో పడిందన్నమాట. మరుసటి ఏడాదే, 1964లో, ఎడ్మంటన్ ఆయిల్ కింగ్స్‌ను నాలుగుకి నాలుగు ఆటలూ ఓడించి కప్పు తీసుకున్నారు. ఈ కలయిక తెలియకపోతే 1964 జట్టు ఆకాశంలోంచి ఊడిపడినట్టు కనిపిస్తుంది.

పునాది కదిలింది: 1967

ఎన్‌హెచ్‌ఎల్ 1963లోనే అమెచ్యూర్ డ్రాఫ్ట్, అంటే క్లబ్బులు వంతులవారీగా కుర్రాళ్ళని ఎంచుకునే పద్ధతి, మొదలుపెట్టింది కానీ, అప్పటికే క్లబ్బుల చేతుల్లో ఉన్న కుర్రాళ్ళు అందులోకి వచ్చేవారు కాదు. 1967లో నేరు స్పాన్సర్‌షిప్ రద్దయింది. 1969 నుంచి కుర్రాళ్ళందరూ డ్రాఫ్ట్‌లోకి వచ్చారు. ఆ రోజు నుంచి మార్ల్‌బరోస్‌లో ఎంత గొప్ప ఆటగాడు తయారైనా లీఫ్స్‌కి ప్రత్యేక హక్కేమీ లేదు. మన మడిలో పెంచిన నారు వేలంలో ఎవరైనా పట్టుకుపోవచ్చు.

"మరి 1973, 1975లో గెలిచింది కదా" అంటారు. గెలిచింది, బ్రహ్మాండంగా గెలిచింది. ఊరు పెద్దది, పేరు పెద్దది, కుర్రాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు. లీఫ్స్ మాజీ కెప్టెన్ జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్ రెండుసార్లూ కోచ్. 1973లో మాంట్రియల్‌లో క్యుబెక్ రెంపార్‌ను 9-1తో చిత్తు చేశారు. ఎన్‌హెచ్‌ఎల్ దిగ్గజం గోర్డీ హవ్ కొడుకులు మార్క్, మార్టీ ఆ జట్టులోనే ఉన్నారు. 1975లో కిచ్‌నర్‌లో న్యూ వెస్ట్‌మిన్‌స్టర్ బ్రూయిన్స్‌ను 7-3తో ఓడించారు. ఆ సీజన్‌లో బ్రూస్ బూద్రో 68 గోల్స్, 97 అసిస్టులు, మొత్తం 165 పాయింట్లు చేశాడు. ఇప్పటివాళ్ళు ఆయన్ని వాషింగ్టన్, వాంకూవర్ కోచ్‌గా ఎరుగుదురు.

కానీ ఆ రెండు కప్పుల మధ్యే ఇంకో దెబ్బ తగిలింది. 1972లో ఆటలు మొదలుపెట్టిన పోటీ లీగ్ డబ్ల్యూహెచ్‌ఏ, ఎన్‌హెచ్‌ఎల్ పెట్టుకున్న 20 ఏళ్ళ వయసు నియమాన్ని పట్టించుకోలేదు. 1973 కప్పు గెలిచిన కొద్ది వారాలకే హవ్ అన్నదమ్ములిద్దరూ తండ్రితో కలిసి హ్యూస్టన్ ఏరోస్‌లో చేరారు. అప్పటికి మార్క్‌కి 18 ఏళ్ళు. వేన్ డిలన్ అదే ఏడాది టొరంటో టోరోస్‌కి వెళ్ళాడు. 1975లో మార్క్ నేపియర్ కూడా టోరోస్‌కే.

టొనెల్లీ కేసు. దీని మీద కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ జట్టు పేరు హాకీ పుస్తకాల్లోనే కాదు, కెనడా లా కాలేజీల్లోనూ వినిపిస్తుంది. కుర్రాళ్ళు జారిపోకుండా 1973లో జూనియర్ క్లబ్బులు కొత్త కాంట్రాక్టు తెచ్చాయి. కొన్నేళ్ళపాటు కట్టుబడి ఉండాలి. ప్రొఫెషనల్‌గా వెళ్తే మొదటి మూడేళ్ళ సంపాదనలో 20 శాతం పాత క్లబ్బుకి కట్టాలి. క్లబ్బు మాత్రం కుర్రాణ్ణి ఎప్పుడైనా తీసేయొచ్చు. 16 ఏళ్ళ జాన్ టొనెల్లీ దానిమీద సంతకం పెట్టాడు, పెట్టకపోతే ఆ స్థాయిలో ఆడే చోటే లేదు. 1975 మార్చిలో 18 నిండగానే కాంట్రాక్టు చెల్లదని చెప్పి హ్యూస్టన్‌కి వెళ్ళిపోయాడు. క్లబ్బు దావా వేసింది. 1979లో అంటారియో అప్పీల్ కోర్టులో కూడా క్లబ్బే ఓడింది, ఆ కాంట్రాక్టు మైనర్‌కి మేలు చేసేది కాదని.

మన దగ్గర లా చదివినవాళ్ళకి 1903 మొహరీ బీబీ కేసు గుర్తొస్తుంది. తేడా గమనించండి. ఇండియాలో మైనర్ కాంట్రాక్టు మొదటి నుంచే చెల్లదు. అక్కడ అలా కాదు, ఉద్యోగ ఒప్పందం మైనర్‌కి మొత్తమ్మీద మేలు చేసేదైతే కట్టుబడాల్సిందే. అందుకే కోర్టు ఒక్కో షరతూ తూచాల్సి వచ్చింది. టొనెల్లీ తర్వాత న్యూయార్క్ ఐలాండర్స్‌తో 1980 నుంచి వరసగా నాలుగు స్టాన్లీ కప్పులు గెలిచాడు.

నా లెక్కలో మార్ల్‌బరోస్ చివరి అధ్యాయం మొదలైంది ఆ తీర్పుతోనే. 1967లో పై క్లబ్బుకి కుర్రాళ్ళ మీద హక్కు పోయింది, 1979లో కింది క్లబ్బుకీ పోయింది. ఇక మిగిలింది టికెట్ల వ్యాపారం ఒక్కటే.

టికెట్లు ఎందుకు అమ్ముడుపోలేదు? శీతాకాలంలో ఊరందరికీ ఒకే కాలక్షేపం జూనియర్ జట్టయిన పీటర్‌బరో, కిచ్‌నర్ లాంటి చోట్ల ఆ వ్యాపారం నడుస్తుంది. టొరంటోలో అదే వీధిలో, అదే భవనంలో లీఫ్స్ ఆడుతుంటే జూనియర్ ఆటకి డబ్బు పెట్టేదెవరు? 1980లలో స్టీవ్ థామస్, పీటర్ జెజెల్, గోలీ షాన్ బర్క్ లాంటివాళ్ళు ఇక్కడ ఆడారు, అంటే ఆటగాళ్ళకి కొదవ లేదు. పెద్ద గార్డెన్స్‌లో కుర్చీలే ఖాళీ. యజమాని హెరాల్డ్ బల్లార్డ్ హాకీ వ్యాపారంలో పైకొచ్చిందే మార్ల్‌బరోస్ జట్లను నడిపి. వదిలించుకున్నదీ ఆయన కాలంలోనే.

ఇది ఒక్క మార్ల్‌బరోస్ ఖర్మ కాదు. సెయింట్ మైకేల్స్ పేరుతో 1997లో కొత్త ఫ్రాంచైజ్ తెచ్చారు, పదేళ్ళకి మిసిసాగాకి తరలింది. 2012లో స్టీల్‌హెడ్స్ అయింది, 2024లో బ్రాంప్టన్ చేరింది. ఆ బ్రాంప్టన్‌లోనే అంతకు ముందున్న బటాలియన్ 2013లో నార్త్ బే వెళ్ళిపోయింది. ఎన్‌హెచ్‌ఎల్ నీడలో మేజర్ జూనియర్ మొలకెత్తడం ఎంత కష్టమో మీ ఇంటి చుట్టుపక్కలే కనిపిస్తోంది.

హామిల్టన్, గ్వెల్ఫ్

1988లో స్టీల్‌హాక్స్ అనే జూనియర్ జట్టు వెళ్ళిపోవడంతో హామిల్టన్‌లో 1985లో కట్టిన కాప్స్ కొలీసియం జూనియర్ జట్టు లేకుండా ఉంది. 1989లో మార్ల్‌బరోస్ ఫ్రాంచైజ్ అక్కడికి చేరింది. పేరు వెంట రాలేదు కనుక పాత పిలుపు పట్టుకుని "డ్యూక్స్ ఆఫ్ హామిల్టన్" అన్నారు. 1990 మెమోరియల్ కప్ ఆ ఊళ్ళోనే, ఆతిథ్య జట్టుగా నేరుగా ఆడే అవకాశం. కానీ జట్టు ఎంత అధ్వాన్నంగా ఆడిందంటే తప్పుకోవాల్సొచ్చింది, ఆ చోటు కిచ్‌నర్‌కి ఇచ్చారు. రెండు సీజన్లయ్యాక 1991లో గ్వెల్ఫ్, స్టార్మ్ పేరుతో.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు: "గ్వెల్ఫ్‌కి మెమోరియల్ కప్ ఉంది కాబట్టి అది మార్ల్‌బరోస్ వారసత్వమే" అనడం. గ్వెల్ఫ్‌లో వేర్వేరు కాలాల్లో మూడు ఫ్రాంచైజ్‌లు ఆడాయి. టోపీల కంపెనీ పేరు పెట్టుకున్న బిల్ట్‌మోర్ మ్యాడ్ హ్యాటర్స్ 1952లో గెలిచింది, ఆ ఫ్రాంచైజే 1963లో కిచ్‌నర్ రేంజర్స్ అయింది. ప్లేటర్స్ 1986లో గెలిచింది, 1989లో ఓవెన్ సౌండ్ వెళ్ళింది. మార్ల్‌బరోస్ నుంచి వచ్చిన స్టార్మ్ నాలుగుసార్లు ఓహెచ్‌ఎల్ (అంటారియో హాకీ లీగ్) ఛాంపియన్ అయింది కానీ మెమోరియల్ కప్ ఇంతవరకూ గెలవలేదు. స్టార్మ్ తన లెక్క 1991 నుంచే మొదలుపెట్టుకోవడం సబబే అనిపిస్తుంది నాకు.

మీ ప్రోగ్రాం పుస్తకం సంగతి

తేదీ ముద్రించి లేదన్నారు కాబట్టి ఈ వరసలో చూడండి.

ముందు అది జూనియరా, సీనియరా తేల్చుకోండి. ఎదుటి జట్టు కిచ్‌నర్-వాటర్లూ డచ్‌మెన్, ఓవెన్ సౌండ్ మెర్క్యురీస్ లాంటిదైతే అది సీనియర్ జట్టు ఆట. అమ్మేవాళ్ళు ఈ రెండూ కలిపేసి "ఎన్‌హెచ్‌ఎల్ స్టార్ల జూనియర్ ప్రోగ్రాం" అని ధర పెంచుతారు.

జూనియరే అయితే ఎదుటి జట్టే గడియారం. బ్యారీ ఫ్లయర్స్ లేదా గ్వెల్ఫ్ బిల్ట్‌మోర్స్ ఉంటే 1960కి ఇవతల కాదు. బ్రాంప్టన్ సెవెన్-అప్స్, విట్బీ మోహాక్స్ ఉంటే మెట్రో లీగ్ రెండేళ్ళలోది, ఇవి తక్కువగా దొరుకుతాయి. మాంట్రియల్ జూనియర్ కెనెడియన్స్ మామూలు సీజన్ ఆటకి వచ్చిందంటే 1961, 1972 మధ్య. కిచ్‌నర్ రేంజర్స్ ఉంటే 1963 తర్వాత, ఆటవా 67స్ ఉంటే 1967 తర్వాత, సడ్‌బరీ వుల్వ్స్ ఉంటే 1972 తర్వాత, విండ్సర్ స్పిట్‌ఫయర్స్ ఉంటే 1975 తర్వాత.

తర్వాత లీగ్ పేరు. ఓహెచ్‌ఏ (అంటారియో హాకీ అసోసియేషన్) ఉంటే పాతది. "అంటారియో మేజర్ జూనియర్ హాకీ లీగ్" అని ఉంటే 1974 నుంచి 1980 లోపు. "అంటారియో హాకీ లీగ్" అని ఉంటే 1980-81 నుంచి.

అదీ లేకపోతే ప్రకటనలు చదవండి. ఫోన్ నంబరు రెండు ఇంగ్లీషు అక్షరాలతో మొదలైతే 1960ల మధ్య కన్నా ముందుది అయ్యే అవకాశం ఎక్కువ. చిరునామాలో పోస్టల్ కోడ్ ఉంటే 1970లు లేదా తర్వాత. జెండా బొమ్మలో ఎర్ర మేపుల్ ఆకు ఉంటే 1965 ఫిబ్రవరి 15 తర్వాత, ఎందుకంటే అంతకు ముందు ఆ జెండాయే లేదు.

చివరగా లోపలి ఆటగాళ్ళ జాబితాలోంచి ఒక్క పేరు కాదు, కనీసం మూడు పేర్లు తీసుకుని వాళ్ళు ముగ్గురూ కలిసి ఆడిన సీజన్ ఏదో చూడండి. ఒక్క పేరుతో చూస్తే బోల్తా పడతారు. కుర్రాడు మూడేళ్ళు ఆడి ఉండొచ్చు, లేదా అదే ఇంటిపేరుతో అన్నదమ్ములుండొచ్చు. సీజన్ తేలాక ఆట తేదీ కోసం టొరంటో పబ్లిక్ లైబ్రరీ కార్డుతో టొరంటో స్టార్ పాత సంచికలు ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. వెతికేటప్పుడు "మార్ల్‌బరోస్" ఒక్కటే కొడితే సగం దొరకవు. అప్పటి విలేకరులు శీర్షికల్లో "మార్లీస్", "డ్యూక్స్" అనే రాసేవారు, మూడూ వేర్వేరుగా కొట్టండి.

పుస్తకాన్ని మాత్రం మామూలు ప్లాస్టిక్ కవర్లో, గరాజ్‌లో పెట్టకండి. తేమకి పేజీలు అతుక్కుంటాయి, పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తింటాయి. యాసిడ్ లేని కవర్లో, ఇంట్లో గది వేడిలో, నిలబెట్టకుండా పడుకోబెట్టి ఉంచండి.

పుస్తకం మీద మేపుల్ లీఫ్ గార్డెన్స్ బొమ్మ ఉంటే, ఆ భవనం ఇప్పటికీ కార్ల్‌టన్, చర్చ్ వీధుల మూల మీద ఉంది. కింద లాబ్లాస్ సరుకుల దుకాణం, పైన యూనివర్సిటీ వాళ్ళ రింక్. దుకాణంలో 25వ వరుసలో నేల మీద ఒక ఎర్ర చుక్క కనిపిస్తుంది. పాత రింక్‌లో ఆట మొదలుపెట్టే నడిమి చుక్క ఉన్న చోటు అదే.